మాస్టారింటి దాకా తీగ

అక్క ఇంటికి వెళ్ళాలంటే ఈ మధ్య నాకు నీరసం వస్తుంది. ఆమె మీద ప్రేమ లేక కాదు. మోకాళ్ళు మాట వినవు, టోటో రిక్షావాళ్ళతో బేరమాడే ఓపిక లేదు, ఖరగ్‌పూర్‌లో పట్టాలకి ఇటునుంచి అటు దాటడమంటే నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఒక ప్రయాణమే. అయినా కిందటి నెల ఫోన్ చేసి, "ఇల్లు మారతన్నాను. నీ పాత సామానేదో నా ట్రంకుపెట్టిలో ఉంది. వొచ్చి సూసుకో, లేపోతే కబాడీవాడికి ఇచ్చీస్తాను," అంది. సుగుణక్క అంతే, అరవై దాటినా మాటలో సంజాయిషీ ఉండదు. సరేనని వెళ్ళాను. పెట్టె అడుగున పాత క్యాలెండర్ల కింద ఒక నెట్‌వర్కు కార్డు కనిపించింది. అరచేతికంటే కాస్త పొడుగున్న ఆకుపచ్చ పలక, ఒక చివర ఇనప పట్టీ, ఆ పట్టీలోంచి బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి మూతి. రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే అప్పట్లో ఒక్కోదానిలో ఇలాంటిది ఒకటి బిగించి, రెంటికీ మధ్య తీగ లాగాలి. ఇప్పుడు అంతా గాలిలోనే అయిపోతోంది కనక ఎవరికీ పట్టదు. ఈ కార్డు కోసం నేను పడ్డ తిప్పలు గుర్తొచ్చి, నిలబడ్డవాణ్ణి అక్కడే నేలమీద కూలబడ్డాను.

అప్పుడు మేం మథురాకాఠీ వైపు రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. గోడ గడియారం ఉండేదిగాని దాన్ని ఎవరూ చూసేవారు కాదు, కార్ఖానా సైరన్ చెప్పినట్టు నడిచేది ఇల్లు. నాన్న సిగ్నల్ డిపార్ట్‌మెంటులో ఫిట్టర్. తెల్లారుతూనే లేచి, అమ్మ పడుకున్న గది గుమ్మంలో నిలబడి చిన్న ప్రార్థన చేసుకుని, పెరట్లో నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి, ఇంటి కరెంటుకి ఆయన స్వయంగా తవ్వి వేసిన ఎర్తు గుంటలో చెంబెడు నీళ్ళు పోసేవాడు. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఆ గుంట తడారిపోకూడదని ఆయన పట్టుదల. వేసవిలో మాకు తాగే నీళ్ళకి కటకటగా ఉన్నా ఎర్తుకి మాత్రం లోటు రాలేదు. ఆయన ఖాకీ చొక్కా దగ్గర టంకం వాసన, అమ్మ గదిలో యూకలిప్టస్ నూనె, డెట్టాల్, గంజి కలిసిన వాసన. పక్కింట్లోంచి ఆవనూనె ఘాటు. ఈ మూడూ కలిస్తే మా ఇల్లు.

అమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. చర్చిలో అందరికంటే పైకి వినిపించిన గొంతు, నీళ్ళు కావాలన్నా రెండుసార్లు అడిగితేగాని అర్థం కాని స్థితికి వచ్చింది. ఆమె పనులన్నీ సుగుణక్క చూసేది. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని, సైకిల్ మీద ఐదు నిమిషాల దూరం. సాయంత్రం నాలుగున్నరకి ఇంట్లో ఉండేవాణ్ణి. మొహం కడుక్కుని, టీ తాగి, ముందు గదిలో నా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. మా వీధిలో అదొక్కటే. దాని మూత విప్పి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించడం నాకు జపంలాంటిది.

అక్కకి ఒక ఉద్యోగం ఉండేది. మా పెరటి వెనక వరసలో సన్యాసిరావు మాస్టారని, తెలుగు బడిలో చేసి రిటైరైన పెద్దాయన, ముందు గదిలో కంప్యూటరూ ప్రింటరూ పెట్టుకుని తెలుగు కంపోజింగు నడిపేవారు. ఊళ్ళో తెలుగువాళ్ళ పెళ్ళికార్డులు, చర్చి కార్యక్రమాలు, చనిపోయినవారి జ్ఞాపకార్థ కూడికల కాగితాలు, బడి ప్రశ్నపత్రాలు అన్నీ అక్కడే తయారయ్యేవి. వాటన్నిటినీ కొట్టే వేళ్ళు అక్కవి. రోజూ పొద్దున్న తొమ్మిదికి వెళ్ళి ఒంటిగంటకి వచ్చేది. ఆ నాలుగు గంటలూ పక్కింటి బెంగాలీ దీదీ వచ్చి అమ్మ దగ్గర కూర్చుని ఊలు అల్లుకునేది. ఏళ్ళ తరబడి అలా సాగేదేమో. కాని దీదీ భర్తకి బదిలీ అయి వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ మర్నాటి నుంచి అక్క వెళ్ళడానికి వీల్లేకపోయింది.

వారం చూసి మాస్టారే వచ్చారు. గుమ్మంలో గొడుగు ముడుస్తూ, "అమ్మాయ్, నీలాగ తప్పుల్లేకుండా కొట్టీవోళ్ళు ఈ ఊళ్ళో లేరు, నాకు తెలుసు. కాని పెళ్ళోరు ఆగుతారా. నెలాఖరు దాకా సూస్తాను. రాలేనంటే సెప్పీ, నేను తప్పు పట్టుకోను. ఇంకెవర్నో పెట్టుకుంటాను," అన్నారు. అక్క గంజి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆమెకి బయట ఉన్న పని అదొక్కటే, అది పోతే ఇంకేమీ లేదని నాకు తెలుసు. అందుకే, మాస్టారు ఇంకా గొడుగు మూలన పెట్టకముందే, "తీగ లాగీద్దామండి," అన్నాను.

మా పెరటి గోడకీ వాళ్ళ పెరటి గోడకీ మధ్య ఒక మురికికాలవ, ఒక సన్నటి సందు. రోడ్డు మీదుగా అయితే చర్చి చుట్టూ తిరిగి పావుగంట నడక, తిన్నగా అయితే అరవై గజాలు. అక్క ఇక్కడ నా కంప్యూటర్ మీద కొడుతుంది, అది తీగలోంచి వెళ్ళి అక్కడ మాస్టారి ప్రింటర్‌లో అచ్చవుతుంది. ఫ్లాపీల మీద మోయొచ్చుగాని, మా ఊరి చెమ్మకి ఫ్లాపీ వారం బతకడం గొప్ప. పైగా పెళ్ళివాళ్ళు ఒక్క కార్డుకి పదిసార్లు పేర్లు మార్పిస్తారు. నాన్నకి ఆలోచన తెగ నచ్చింది. తీగ అన్న మాట వింటే చాలు ఆయనకి ప్రాణం లేచొస్తుంది. అక్కని అడగలేదని కాదు. "బావుంటాదా అక్కా?" అన్నాను. "మీ ఇష్టం," అంది. ఒప్పుకుందని అనుకున్నాం.

కార్డులు ఎంచడం నా వంతు. ఖరగ్‌పూర్‌లో అవి దొరకవు, కలకత్తా చాందినీ బజారుకి పోవాలి. ఒక శనివారం తెల్లవారే లోకల్ ఎక్కి, చేపల బుట్టల మధ్యా మరమరాలమ్మే కేకల మధ్యా హౌరా చేరి, అక్కడినుంచి బజారుకి వెళ్ళి సాయంత్రం దాకా తిరిగి, ఏమీ కొనకుండా వచ్చాను. ఎందుకంటే అక్కడ కార్డులు మూడు తరగతులు. పేరున్న కంపెనీవి, మెరిసే డబ్బాల్లో, అద్దం వెనక. వాటిని చూసి రావడమే. రెండోవి ఏ పేరూ లేని తెల్ల అట్టపెట్టెల్లో వచ్చేవి, కొత్తవే, ధర మూడో వంతు. ఎన్నాళ్ళు పని చేస్తాయన్నది అమ్మేవాడికీ తెలియదు. మూడోవి ఆఫీసుల్లో పాత మిషన్లు పారేసినప్పుడు ఊడబీకి తెచ్చినవి, ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి, కూరగాయల్లా పోసి అమ్మేవి. ఇక మూతుల్లో రెండు రకాలు. టెలిఫోన్ ప్లగ్గులాంటి పలకమూతి ఒకటి, నల్లటి లావు తీగ తగిలించే గుండ్రమూతి ఒకటి. పలకమూతివి కొత్త పద్ధతి, రాబోయే కాలం వాటిదేనని దుకాణాల్లో అందరూ అన్నారు. ఇంటికొచ్చి నాన్నకి చెబితే, "వొచ్చీ కాలం సంగతి తరవాత. గాలికీ వానకీ బయట ఏలాడీ తీగ గట్టిగుండాల. నల్లదే తీసుకో," అన్నాడు. అలా గుండ్రమూతి ఖాయమైంది.

రెండో శనివారం తెల్లపెట్టె కార్డులు రెండు తెచ్చాను. నాది సరిగ్గా కూర్చుంది. మాస్టారి కంప్యూటర్ మూత విప్పితే, అది పాతకాలపుది, అందులో కార్డులు గుచ్చడానికి పొడుగాటి నల్ల గాడులేగాని పొట్టి తెల్ల గాడులు లేవు. నేను తెచ్చిన కార్డు పెట్టడానికి చోటే లేదు. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, "కొనీ ముందు సూసుకోవాల గదా నాయనా," అన్నారు, అంతే, బడిలో అన్నట్టే. మూడో శనివారం ఆ రెండోదాన్ని వాపసు ఇచ్చి, గోనెపట్టా మీది రాశిలోంచి పాత రకం కార్డు ఒకటి వెతికి తెచ్చాను. దాని మీద ఎవరో ఆఫీసు నంబరు తెల్ల రంగుతో రాసి ఉంది. నాన్న గడియారాలవాళ్ళ భూతద్దం కంటికి పెట్టుకుని రెంటినీ పరీక్షించాడు. కొత్తదాన్ని చూసి, "ఈ టంకం సూడు, ముక్కు సీదినట్టుంది," అన్నాడు. పాతదాన్ని తిప్పి తిప్పి చూసి, "దీని పని సూడు. ఇది సేసినోడు సెయ్యి తిరిగినోడు," అని మెచ్చుకున్నాడు. ఇంతకీ ఆ రెండూ ఒకటితో ఒకటి మాట్లాడుకునేట్టు చెయ్యడానికి నాకు ఇంకో వారం సాయంత్రాలు పట్టాయి. పాతదాని మీద గోటికి అందీ అందని చిన్న చిన్న మేకులు ఉంటాయి, వాటి తొడుగులు ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చి చూసుకోవాలి. అక్క నా పక్కనుంచి అమ్మ గదిలోకీ వంటింట్లోకీ తిరుగుతూ ఉండేది. ఒకసారి ఆగి, "అవుతాదా?" అని అడిగింది. అవుతుందక్కా, భయం లేదు అన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక నాన్న తీగ లాగాడు. ఆయన చేస్తే ఇంటి పనిలా చెయ్యడు. సందుమీదుగా ముందు ఒక ఉక్కుతీగ బిగించి, దానికి నల్లతీగని జానెడు జానెడు దూరంలో కట్టి, చివర్లలో పింగాణీ కప్పులు పెట్టాడు. తర్వాత మాస్టారి పెరట్లో గునపంతో గుంట తవ్వడం మొదలుపెట్టాడు. "ఇదేటండీ?" అన్నారు మాస్టారు, ఆయన గులాబీ మొక్క పక్కనే మరి. "ఎర్తండి," అన్నాడు నాన్న. "మా డిపార్ట్‌మెంటులో రెండు కొసలా ఎర్తు లేకపోతే దాన్ని తీగనరు." నల్లతీగ తొడుగు లోపలున్న లోహపు అల్లికని మా వైపు నిమ్మచెట్టు గుంటకీ, అటువైపు గులాబీ గుంటకీ రాగితీగతో కలిపాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం నేర్పినది ఆయన చేతుల్లో ఉంది. రైల్వేలో ఇనుము ఎక్కడ కనిపిస్తే అక్కడ భూమికి కలపడమే రక్షణ. నేను నిచ్చెన పట్టుకుని నిలబడి, ఇంత శ్రద్ధగా ఇంకెవరు చేస్తారని మురిసిపోయాను. సాయంత్రం అక్క ఒక జ్ఞాపకార్థ కూడిక కాగితం కొట్టి పంపింది. కాసేపటికి మాస్టారు గోడ దగ్గరికొచ్చి అచ్చయిన కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించారు. నాన్న వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఆయనకి సంతోషమైతే అంతే.

మూడు వారాలు హాయిగా నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం కాల్‌బైశాఖి గాలివాన వచ్చింది. యార్డు వైపు ఎక్కడో పిడుగు పడింది. మా ఇంట్లో దీపం కూడా ఆరలేదు, కాని ముందు గదిలో కాలిన వాసన. మూత తీసి చూస్తే కార్డు మీద గుండ్రమూతి దగ్గర నల్లటి మచ్చ. మాస్టారింటిదీ అంతే. కంప్యూటర్లు బతికాయి, కార్డులు రెండూ పోయాయి. చర్చి వార్షికోత్సవం పుస్తకం సగంలో ఉంది. నాకు దుఃఖం వచ్చింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఇక అక్క పని పోయినట్టేనని మాస్టారి మొహం చూడ్డానికి భయపడ్డాను. నాన్నే అన్నాడు: "నాకు లీవులన్నీ మురిగిపోతన్నాయి. కొత్త కార్డులొచ్చీ దాకా నేను మీ అమ్మకాడ కూసుంటాను. నువ్వెల్లి కొట్టుకో సుగుణా."

అలా పన్నెండు రోజులు. నాన్న అమ్మ మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని బైబిలు చదివి వినిపించేవాడు, వంకరటింకరగా జడ వేసేవాడు, గంజి పోస్తూ సగం చొక్కా మీద ఒలకబోసుకునేవాడు. అమ్మ ఎడమ పక్క నోటితో నవ్వేది. అక్క తొమ్మిదికి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళేది. ఒంటిగంటకి రావలసింది ఒక్కోరోజు రెండయ్యేది. వచ్చేటప్పుడు కాగితం పొట్లంలో వేడి సింగారాలు, అదే సమోసాలు, తెచ్చేది. దర్జీ దుకాణం దగ్గర ఎవరు కనిపించారో, చర్చి గేటుకి ఏ రంగు వేస్తున్నారో, గోల్‌బజార్‌లో బెండకాయలు ఎలా ఉన్నాయో చెబుతూ వడ్డించేది. పుస్తకం పూర్తవుతోందని ఆమెకి ఊరటగా ఉందనుకున్నాను నేను.

మధ్యలో వచ్చిన శనివారం కాలిన కార్డులు పట్టుకుని మళ్ళీ కలకత్తా వెళ్ళాను. తెల్లపెట్టెలు అమ్మిన బెంగాలీ దాదా నల్లమచ్చ చూసి, ఎర్తు ఎక్కడ ఇచ్చారని అడిగాడు. రెండు వైపులా అన్నాను గర్వంగా. అతను పక్క దుకాణం వాణ్ణి పిలిచి ఆ మాట చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. "దాదా, ఎటా కి రేల్‌గాడీ?" అన్నాడు. ఇదేమన్నా రైలుబండా అని. అప్పుడు ఓపిగ్గా చెప్పాడు: ఈ తీగకి ఒక్క కొసనే ఎర్తు ఉండాలి. రెండు ఇళ్ళ కింద నేల ఒకటి కాదు, పిడుగు పడినప్పుడు ఒక గుంటలోంచి ఇంకో గుంటకి పోవడానికి కరెంటుకి ఆ తీగే దారవుతుంది, దారిలో కార్డులుంటే కాలిపోతాయి. నాన్న ముప్పై ఏళ్ళ జాగ్రత్తే వాటిని కాల్చిందన్నమాట. నేను మళ్ళీ రెండు చవక కార్డులు కొనుక్కుని, రైలంతా ఆ మాట నాన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు గోడ దూకి, గులాబీ గుంట దగ్గర రాగితీగని విప్పి మట్టి కప్పేశాను. "సరుకు సవక రకం నాన్నా, అందుకే పోనాయి," అన్నాను. "నేను ముందే సెప్పినాను గదా, ఆ టంకం," అన్నాడు. చనిపోయే దాకా ఆయన అలాగే నమ్మాడు.

ఆ రెండో జత బాగా పనిచేసింది. పదమూడో రోజు నుంచి అక్క మళ్ళీ ఇంట్లోనే కొట్టడం మొదలుపెట్టింది, అమ్మ పోయేదాకా, నాలుగేళ్ళు. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఊళ్ళో తెలుగువాళ్ళు మా తీగ చూడ్డానికి వచ్చేవారు. ఏ కార్డు చవక, ఏది మన్నుతుంది అని నన్ను అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి. నాన్న ఎర్తు కథ మాత్రం ఆయన పోయాక బంధువుల మధ్య చాలాసార్లు చెప్పాను. చివర బెంగాలీ దాదా మాట వచ్చేసరికి అందరూ నవ్వుతారు.

మొన్న ట్రంకు ముందు కూర్చుని అక్కకీ అదే చెప్పాను. రైలుబండి మాట దగ్గర ఆగి, ఆమె నవ్వు కోసం చూశాను. అక్క క్యాలెండర్లు చుట్టుకుంటోంది.

"పిడుగు పడిన్నాడు నేనేటి సేసినానో తెలుసా నీకు?" అంది. "వంటింట్లోకెల్లి ప్రార్థన సేసుకున్నాను. దేవుడా, ఇది మల్లీ బాగవ్వకూడదు అని."

నాకు వెంటనే అర్థం కాలేదు. పని పోతుంది కదక్కా అన్నాను.

"పని కాదురా నాక్కావలిసింది. ఎల్లడం. పొద్దున్న తొమ్మిదికి సెప్పులేసుకుని ఆ రోడ్డెంట నడవడం. మాస్టారి కాడ ఆ నాలుగు గంటలూ నన్నెవులూ నీల్లు అడగరు, పిలవరు. ఆ పని మీరు తీగ లాగి ఇంట్లోకి అట్టుకొచ్చీసినారు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట కూడా లేదు. ఎప్పుడో చల్లారిపోయిన సంగతి చెబుతున్నట్టుంది. "ఆ పన్నెండ్రోజులూ నాకు ఒక్కోటీ గుర్తే. ఆ తరవాత నాలుగేళ్ళూ మాత్రం ఏటి సేసినానో సెప్పమంటే సెప్పలేను."

"అప్పుడే నాతో సెప్పొచ్చు గదక్కా."

"సెప్తే? నువ్వు అమ్మకాడ కూసుందువా?"

కూర్చునేవాణ్ణి అనబోయాను. ఆమె అప్పటికే లేచి ఇంకో పెట్టె తెరిచింది.

తిరుగు దారిలో టోటోలో కూర్చుని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారిగా ఆ రోజుల్ని వేరే రకంగా చూసుకున్నాను. నా ఆఫీసు ఇంటికి ఐదు నిమిషాలు. నాక్కూడా లీవులు ఉండేవి, వాటిని కలకత్తా వెళ్ళడానికి వాడుకున్నాను. కార్డుల కోసం నాలుగు శనివారాలు, మేకులు మార్చుకుంటూ కూర్చున్న సాయంత్రాలు. అంత తీరిక ఉన్న మనిషి ఇంట్లో ఒకడున్నాడని నాన్నకి తోచలేదు, మాస్టారికి తోచలేదు, నాకూ తోచలేదు. ఇప్పటి మగపిల్లలు మాకంటే నయమేమో, మా పక్కింటి కుర్రాడు తన తల్లికి స్నానం చేయించడం కళ్ళారా చూశాను. చవక కార్డు సంగతి ఇవాళ ఎవరైనా అడిగినా ఠకీమని చెప్పగలను, ఏ మూతికి ఏ తీగో, ఎర్తు ఏ కొసనో. అమ్మని ఏ పక్కకి తిప్పి పడుకోబెడితే నొప్పి తగ్గేదో నాకు తెలియదు. నేను ఎప్పుడూ తిప్పలేదు.